తాతరాయి మీద ఎర్రమచ్చ

"సెరిపీ! ముందు దాన్ని సెరిపీ, తరవాత మాటాడు!"

లక్ష్మణమ్మ చేపల గంపను వసారాలో విసురుగా పడేసింది. గంప ఒరిగి లోపలి తడి గోనెపట్టా నేల మీదికి జారింది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

అనూరాధ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను. తలెత్తితే అత్త కళ్లు చూడాలి. దించితే ఫోనులో ఆ చుక్కలు చూడాలి. ఏది తేలికో ఆమెకు తెలియడం లేదు.

నీలంగా పరుచుకున్న సముద్రం మీద రెండు చుక్కలు. పచ్చచుక్క తన మొగుడు వెంకీ పడవ. పసుపుచుక్క ఆడపడుచు ధనలక్ష్మి మొగుడు లక్ష్ముడి పడవ. పసుపుది ఉన్నచోటే ఉంది. పచ్చది దాని మీదికే పోతోంది.

పసుపుచుక్క కింద, సముద్రం నడుమ, ఆరని దెబ్బలా ఒక ఎర్రమచ్చ.

"సెరిపితే పడవ ఆగిపోదత్తా," అంది అనూరాధ మెల్లగా.

"పడవ ఆగకపోతే నీ బొమ్మ దేనికే మరి? పెపంచకమంతా సూసినాక సెరిపితే ఎంత, సెరపకపోతే ఎంత!"

"ఇప్పుడే కదా సెరిపీ అన్నావు."

"అన్నాను! ఏటంటన్నానో నాకు తెలస్తన్నాదేటి? వల ఒడ్డునే ఒగ్గేసి ఏటకెల్లినోడు మన ఇంట్లో ఎవుడన్నా ఉన్నాడా? అల్లదిగో, వల అక్కడే ఉన్నాది. పడవలో ఏటట్టుకెల్లినాడో నువ్వు సూసినావా?"

అనూరాధ చూసింది. తెల్లారుతూనే వెంకీ, అతని జట్టు పడవ దించారు. చేతికర్రలు, తాళ్లు కోసే కత్తులు. వల మాత్రం లేదు. "ఎక్కడికి బావా?" అని వెనకాలే ఇసకలో పరుగెత్తింది. "నువ్వు గీసిన కాడికే," అన్నాడు వెంకీ, మొహం చూడకుండా.

పెళ్లయ్యాక అంత పరాయిగా అతను మాట్లాడటం అదే మొదలు.

వసారా కొసన మామ పోతురాజు చిరిగిన వల మోకాళ్ల మీద వేసుకుని కూర్చున్నాడు. ఆ వల నిన్న తాతరాయి దగ్గర పక్క ఊరు గవ్వలపేట వాళ్లు కోసేసినది. దాన్ని బాగుచేస్తున్నాడో, ఊరికే చూస్తున్నాడో తెలియదు. సూది చేతిలో ఉంది. చెయ్యి కదలడం లేదు. నిన్నటి నుంచి ఆయన కోడలితో ఒక్క మాటా మాట్లాడలేదు.

తాతరాయి సముద్రం అడుగున మునిగి ఉన్న గుట్ట. పైకి ఏమీ కనపడదు. దాని చుట్టూ కోనెం చేప మందలుగా తిరుగుతుంది. పోతురాజు తాత దాన్ని కనిపెట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒడ్డున సరుగుడుతోట కొసనీ, దూరంగా కొండ బొడిపెనీ ఒక గీతలోకి తెచ్చుకుని పడవ ఆపితే సరిగ్గా దాని నెత్తిన ఉంటారు. ఆ గీత తండ్రి కొడుక్కి చెప్పాలి. అల్లుడికి కూడా చెప్పరు.

అనూరాధకీ ఎవరూ చెప్పలేదు. అసలు ఆమె కనుక్కోవాలనీ అనుకోలేదు.

లక్ష్మణమ్మ తమ్ముడి కూతురే అనూరాధ. ఆమదాలవలసలో పెరిగి, విజయనగరంలో ఇంజనీరింగు చదివి, మేనత్త కొడుకుని చేసుకుని భావనపాడు వచ్చింది. వచ్చిన ఏడాదే తుఫాను కబురు తెలిసి ఆడవాళ్లంతా ఒడ్డున నిలబడి, కనపడని పడవల కోసం కేకలు వేయడం చూసింది. ఆ కేకలు ఆమెను వదల్లేదు. తన క్లాసుమేటు అరుణశ్రీతో కలిసి 'మా పడవ' అని యాప్ తయారు చేసింది. పడవలో ఒక ఫోను ఉంటే చాలు. అది ఎక్కడుందో ఒడ్డున అందరికీ మ్యాప్‌లో చుక్కలా కనిపిస్తుంది. చుక్క మీద వేలు పెడితే పడవ పేరు, ఎవరెవరు ఉన్నారు, చివరిసారి సిగ్నల్ ఎప్పుడు అందింది, అన్నీ వస్తాయి.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

చూడముచ్చటగా ఉంటుందని ఇంకొకటి చేర్చింది. పడవలు ఎక్కువసేపు ఆగే చోటు రంగు తేలేలా రాసింది. మొదట పసుపు, తరవాత నారింజ, ఆ తరవాత ఎరుపు. అది మొదటిసారి తెరమీద విచ్చుకున్నప్పుడు వెంకీ భుజం మీదుగా వంగి చూసి, "సముద్రానికి బొట్టెట్టినట్టున్నాదే!" అని మురిసిపోయాడు.

ఆ బొట్టు తాతరాయి మీదే పడిందని ఆ రోజు అతనికీ తట్టలేదు.

"అమ్మా, వదిన మీదే పడకు," అంది ధనలక్ష్మి గుమ్మంలోంచి. నిన్న రాత్రి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "నన్నూ అను. గవ్వలపేట కోడల్ని కదా, నన్ను కూడా అను."

"నిన్నే అనాల! నీ మొగుడికి బుద్దుండాల. అత్తోరి రాయి మీద వలేస్తాడేటి?"

"రాయి మీద అత్తోరి పేరు రాసున్నాదా? ఊరందరి ఫోన్లలోనూ కనపడతన్నాది. అందరూ ఎల్తన్నారు. ఈయనొక్కడూ మానేస్తే 'అత్తోరి కాపలా కుక్క' అంటారు. అన్నారు కూడా!"

"అంటే అననీ!"

"నీకేం, అలగే అంటావు. ఆ ఊల్లో బతకాల్సింది నానూ!" అని ధనలక్ష్మి అనూరాధ వైపు తిరిగింది. "నువ్వే కదా వదినా ఆయన ఫోన్లో ఎక్కించినావు? 'గాలేసినప్పుడు ఎక్కడున్నాడో నీకు తెలస్తాది ధనం' అని సెప్పి ఎక్కించినావు. నాను అడిగినానా?"

"అడగలేదు."

"ఆయన సూసి ఇంకొకడికి సూపించినాడు. ఆడు ఇంకొకడికి. ఇప్పుడు దొంగలం మేమైపోనాం."

ఆడపడుచు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. తను తప్పుచేశానని తెలిసినా ఎక్కడ చేశానో వెతుక్కోవాల్సి వస్తుంది మామూలుగా. ఇది అలా కాదు. తప్పు ఎర్రగా, గుండ్రంగా, కళ్ల ముందే ఉంది.

తెరమీద పచ్చచుక్క ఇంకాస్త జరిగింది.

వీధిలోంచి అడుగుల చప్పుడు. పక్కింటి దానమ్మ చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"ఓలమ్మ లక్ష్మణమ్మప్పా! మనోలు ఇంకా పడవలు దించుతన్నారు. వెంకీ పడవ ఒక్కటే ఎల్లింది, ఆడికి తోడెల్లాల అని మా ఆయన కూడా ఎక్కేసినాడు. గవ్వలపేట నుంచి కూడా బయల్దేరతన్నారంట. అల్లదిగో, ఫోన్లో సూసుకుంటా ఎల్తన్నారు అందరూనూ!"

అనూరాధ మ్యాప్‌ని వేళ్లతో చిన్నది చేసి చూసింది. నిజమే. ఒడ్డు అంచున కొత్త చుక్కలు లేస్తున్నాయి. ఉత్తరం నుంచి కొన్ని, దక్షిణం నుంచి కొన్ని. అన్నీ మచ్చ వైపే తిరిగి ఉన్నాయి. పోయినవాళ్లను తిరిగి తేవడానికి రాసిన మ్యాప్ ఇది. ఇప్పుడు అందరినీ ఒక్కచోట పోగేస్తోంది.

ఆమె కొత్త చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా."

అందరూ తిరిగి చూశారు. పిలిచింది పోతురాజు.

ఆయన వల పక్కన పెట్టి లేచి వచ్చాడు. కోడలి ముందు గొంతుక్కూర్చుని, ఫోను అంచుని వేలితో తాకాడు.

"ఈ ఎర్రది… జరపొచ్చా?"

"జరపడమంటే ఏటి మావా?"

"ఇక్కడ కాకండా ఇంకో పక్కకి. దూరంగా, లోతుకి. ఆలందరికీ రాయి అక్కడున్నట్టు కనపడాల. మనోలికి తెలుసు, మనోలు ఎల్లరు. ఆలు ఎల్తారు. ఇద్దరూ సెరో దిక్కూ అయిపోతే గొడవుండదు."

దానమ్మ ఒక అడుగు ముందుకి వేసి ఫోనులోకి తొంగిచూసింది.

అనూరాధ మామగారి మొహంలోకి చూసింది. ఆయన బెదిరించడం లేదు. బతిమాలుతున్నాడు. నిన్నటి నుంచి ఆయన మౌనంగా కూర్చున్నది కోపంతో అనుకుంది. కాదు, ఈ మాట అడగాలా వద్దా అని నలిగిపోతూ కూర్చున్నాడు.

జరపడం ఎంతసేపు? మచ్చ అంటే రెండు అంకెలు. ఒకటి ఉత్తర దక్షిణాలు, ఒకటి తూర్పు పడమరలు. వాటికి కొంచెం కలిపితే చాలు, తాతరాయి ఎక్కడికైనా పోతుంది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ల్యాప్‌టాప్ మీదికి వెళ్లింది. కోడులో ఆ లైను ఎక్కడుందో వెతకకుండానే తెలుసు.

"అయ్యా!" అంది ధనలక్ష్మి. అరవలేదు. అరిచినా అంత భయం వేసేది కాదు. "ఆ పడవలో నా మొగుడున్నాడయ్యా. లోతుకి తోలేత్తావా? ఇంజను ఆగిపోతే ఎవులెల్లి తెస్తారు?"

పోతురాజు కూతురి వైపు చూడలేదు.

"సెప్పమ్మా," అన్నాడు అనూరాధతోనే. "అవుతాదా, అవదా?"

"అవుతాది మావా. రెండంకెలు మారిస్తే సాలు," అంది అనూరాధ. "కానీ మార్చను."

"ఎందుకు?"

"రేపు గాలేస్తాది. ఒడ్డు ఎటుందో ఈ మ్యాపే సెప్తాది. ఒకసారి అబద్ధం సెప్పిందని తెలిస్తే అప్పుడెవులు నమ్ముతారు? మీ కొడుకే నమ్మడు."

"రేపటి గాలి గురించి ఆలోసిస్తన్నావు. ఈయేళ రగతం పారితే?"

ఉన్నదల్లా ఒక్కటే దారి. అదీ మంచిదని ఆమెకు నమ్మకం లేదు.

ఫోను తీసి అరుణశ్రీకి చేసింది. అరుణశ్రీది నెల్లిమర్ల దగ్గర రైతు కుటుంబం. యాప్‌కి వెనకుండే సర్వర్ పని అంతా ఆమెదే. ఒక్క రింగుకే ఎత్తింది.

"చూస్తున్నాను అనూ," అంది, ఏమీ అడక్కుండానే. "ఇన్ని పడవలు ఒక్కవైపుకి పోవడం ఎప్పుడూ చూడలేదు. ఏటైంది?"

"మచ్చ తీసెయ్యాల. చుక్కలు కూడా. అన్నీ. కొత్త వెర్షన్ పంపుదామా?"

"అది అందరి ఫోన్లలోకి ఎక్కేసరికి రేపవుతాది. సర్వర్లో ఆపేస్తే ఇప్పుడే మాయమైపోతాయి. ఎవరికి చూపించాలన్న చోట 'అందరికీ' అని ఉంది కదా. మన ఇద్దరి లాగిన్లకే అని మారిస్తే సరిపోతాది."

"మార్చెయ్."

అవతల కీబోర్డు చప్పుడు మొదలై ఆగింది.

"అనూ, ఆలోచించావా? ఒడ్డున ఉన్న ఆడవాళ్లందరికీ ఆగిపోతాది. ఎవరి మొగుడెక్కడున్నాడో ఒక్కరికీ కనపడదు. గొడవ జరుగుతున్న టైములో. నిన్నే పట్టుకుంటారు."

"తెలుసు."

"నన్ను చెయ్యమంటావా, నువ్వు చేస్తావా?"

అనూరాధ వసారాలో ఉన్న మొహాలన్నీ ఒక్కసారి చూసింది. అత్త. ఆడపడుచు. మామ. ఫోన్లు గుండెలకి ఆనించుకుని నిలబడ్డ ఆడవాళ్లు. ఇందులో ఒక్కరు తల ఊపినా బాగుండుననిపించింది. ఎవరూ ఊపలేదు. వాళ్లకి అర్థమైందో లేదో కూడా తెలియదు.

"నేనే చేస్తాను," అంది.

ల్యాప్‌టాప్‌లో ఆ 'అందరికీ' అన్న చోటు తెరిచింది. ఒక మాట చెరిపి, ఇంకో మాట రాసింది. నొక్కింది.

వాకిట్లో ముందు ఎవరూ గమనించలేదు. తరవాత దానమ్మ తన ఫోనుని విదిలించింది, నీళ్లు పడితే విదిలించినట్టు. దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏదీ? మా ఆయనేడీ?"

"నాదీ పోయింది!"

"ఉత్త సముద్రమే ఉన్నాది, ఓలప్పా, ఉత్త నీల్లే కనపడతన్నాయి!"

కేకలు. తుఫాను రోజు విన్న కేకలే. ఏవి వినకూడదని ఆమె ఇన్నాళ్లు కూర్చుని రాసిందో, అవే ఇప్పుడు తన గుమ్మంలో వినిపిస్తున్నాయి.

"కనపడితే ఇంకా పడవలు ఎల్తాయి దానమ్మా," అంది అనూరాధ లేచి నిలబడి. "అటోలూ ఇటోలూ దీన్ని సూసుకునే ఎల్తన్నారు. దారి తెలీకపోతే కొందరైనా ఎనక్కి వస్తారు. అందుకే…"

"నా మొగుణ్ణి మాయం సేసి నాకే సెప్తావేటే!"

దానమ్మ మీదికి వచ్చింది. లక్ష్మణమ్మ మధ్యలోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కోడలి తరఫున నిలబడిందా, అలవాటు కొద్దీ నిలబడిందా అనూరాధకి తెలియలేదు. మరుక్షణం లక్ష్మణమ్మే వెనక్కి తిరిగి, ఎవరికీ వినపడనంత చిన్నగా అడిగింది.

"నా కొడుకేడే?"

పొద్దున్నుంచి సెరిపీ సెరిపీ అని అరిచిన మనిషి. ఇప్పుడు కోడలి ఫోను కోసం చెయ్యి చాపింది.

అనూరాధ తన ఫోను ఆమె వైపు తిప్పింది. "నా దాంట్లో కనపడతాది అత్తా. సూడు."

పచ్చచుక్కా, పసుపుచుక్కా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎర్రమచ్చని దాటి, దక్షిణం వైపు మెల్లగా కదులుతున్నాయి. రెండూ కలిసే.

"కలిసి వస్తన్నారు!" లక్ష్మణమ్మ కూతుర్ని రెక్క పట్టి లాగింది. "సూడే ధనం, బావా బావమరిదీ కలిసి వస్తన్నారు! నాను సెప్పలేదేటి, ఆలు కొట్టుకోరని? సిన్నప్పటి నుంచీ ఒక కంచంలో తిన్నోలు!"

ధనలక్ష్మి చుక్కల మీద వేలు పెట్టి ఏడుస్తూ నవ్వింది. అనూరాధకి కూడా పొద్దున్నుంచి ఇప్పుడే ఊపిరి ఆడినట్టయింది.

పోతురాజు వంగి చూశాడు. నవ్వలేదు.

"ఇంతకు ముందు ఎక్కడున్నాయి?"

చుక్కల వెనక గీత చూపించింది అనూరాధ. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపట్లో జరిగాయో చెప్పింది. ఆయన ఆ గీతని చాలాసేపు చూశాడు.

"ఇది ఇంజను నడక కాదు," అన్నాడు. "ఇంజను ఏసినోడు ఒడ్డుకి రావాల. ఇది నీటి లాగుడికి కొట్టుకుపోతన్నాది. రెండు పడవలూనా?"

లక్ష్మణమ్మ కూతురి రెక్క వదిలేసింది.

"వెంకీకి ఫోన్ చెయ్యవే," అంది లక్ష్మణమ్మ. ఆ మాటకి ముందే అనూరాధ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు. లక్ష్ముడికి చేసింది. అతని ఫోనూ మోగి మోగి ఆగిపోయింది.

పోతురాజు తలపాగా బిగించి గుమ్మం దిగాడు. దిగినవాడు ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

"రామ్మా. బేగి రా."

"నేనా మావా?"

"ఆలు రాయి కాడుంటే నాను ఒక్కన్నే ఎల్లిపోదును. రాయి కాడ లేరు. ఎక్కడున్నారో నీ ఫోనుకే తెలుసు."

ఒడ్డున దించీ దించని పడవల దగ్గర మగవాళ్లు గుంపులుగా నిలబడి ఫోన్లు తట్టి చూసుకుంటున్నారు. కొందరు నిజంగానే ఆగిపోయారు. దానమ్మ మొగుడు పడవ దిగి మోకాల్లోతు నీళ్లలో దిక్కులు చూస్తున్నాడు. అనూరాధ అతన్ని చూసి, దానమ్మకి ఎవరైనా చెప్తే బాగుండునని మాత్రం అనుకోగలిగింది.

"ఆడగుంటని పడవెక్కిస్తావా పోతురాజూ?" అన్నాడు ఒక ముసలాయన. "మన కులంలో ఉన్నాదేటి అది?"

పోతురాజు ఆగలేదు. "లేదు," అన్నాడు. "ఈయేళ నుంచి ఉంటాది."

పొరుగింటి చినబాబు ఇంజను పట్టాడు. ముగ్గురూ కెరటాలు దాటేసరికి అనూరాధ చీర నడుం దాకా తడిసింది. ఫోను మాత్రం ప్లాస్టిక్ కవరులో ఎత్తిపట్టుకుంది.

సముద్రం రంగు తను పెట్టింది కాదు. మ్యాప్‌లో దానికి లేత నీలం పెట్టింది, చుక్కలు బాగా కనపడాలని. ఇక్కడ అది బురద రంగు, బూడిద రంగు, ఎండ పడ్డచోట సత్తుగిన్నె రంగు. అడుగు నిలవడం లేదు. ఒడ్డు చిన్నదై, ఇళ్లు ఏవో చెట్లేవో తెలియకుండా పోయాక ఆమె పడవ అంచు మీద వంగి వాంతి చేసుకుంది. పోతురాజు ఆమె వీపు మీద చెయ్యి వేసి, మరచెంబు అందించాడు.

"ఎటు?" అన్నాడు.

నోరు కడుక్కుని ఫోను చూసింది. సిగ్నల్ ఒక గీతకి వచ్చింది. చుక్కలు ఇంకా కలిసే ఉన్నాయి.

"దక్షిణం మావా. ఇంకాస్త బైటకి."

చినబాబు మలుపు తిప్పాడు. సిగ్నల్ పోయింది, వచ్చింది, పోయింది. వచ్చిన ప్రతిసారీ ఆమె చెయ్యి చాపి దిక్కు చూపించింది. ఆయన ప్రతిసారీ ఆ చేతినే చూశాడు.

"అల్లదిగో పడవ," అన్నాడు చినబాబు ఉన్నట్టుండి.

నీళ్ల మీద నల్లటి గీత. దగ్గరైనకొద్దీ పడవైంది. అందులో మనుషులు లేచి నిలబడి తువ్వాళ్లు ఊపుతున్నారు. అనూరాధ కళ్లు చికిలించి దాని పక్కన చూసింది. ఆ పక్కన చూసింది.

ఒక్కటే పడవ.

"మావా, రెండుండాలి," అంది.

ఆయన కూడా అదే వెతుకుతున్నాడు.

అది లక్ష్ముడి పడవ. లక్ష్ముడు ముందు కొసన నిలబడ్డాడు. చొక్కా చిరిగి ఉంది, మోచెయ్యి దగ్గర రక్తం గడ్డకట్టింది. మామగారిని చూసి ఏదో అనబోయి, పడవలో అనూరాధ ఉండటం చూసి ఆగిపోయాడు.

"నీల్లలో తిరిగే ఇంజను ఫేను మీవోలు ఊడబీకి అట్టుకుపోనారు మావా," అన్నాడు చివరికి. "అప్పట్నుంచీ కొట్టుకుపోతన్నాం. మీ ఫోన్ మోగితే ఎత్తి ఏం సెప్పాలో తెల్లేదు."

"మా వోడేడి?"

లక్ష్ముడు నడుం దగ్గర నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల ఫోను. మూల పగిలిన ఆ అద్దాన్ని అనూరాధ ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"నా పడవలోకి ఇసిరేసినాడు అక్కా," అన్నాడు ఆమెతో. "'ఇది నీ కాడే ఉంచు. అనూరాధ పొద్దంతా దీన్నే సూస్తా ఉంటాది. నాను నీతోనే ఉన్నానని అనుకుంటాది' అన్నాడు. మాటాడుకుందాం ఆగు బావా అన్నాను. ఇన్లేదు."

అంటే ఇంతసేపూ తను చూసింది వెంకీని కాదు. అతని ఫోనుని. చుక్క అంటే ఫోనే అని ఆ యాప్ రాసిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసినా పొద్దున్నుంచీ ఆ పచ్చచుక్కకి మొహం, కళ్లు, గొంతు అన్నీ పెట్టుకుని చూసింది.

"పడవ ఎటెల్లింది?" పోతురాజు గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

లక్ష్ముడు ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. భావనపాడు వైపు కాదు.

"మా ఊరికి," అన్నాడు. "మా మగోలంతా ఇటు సముద్రం మీదికి వచ్చేసినారు కదా. వలల పాక కాల్సేత్తాం అని ఎల్నారు. ఆ పాక ఎనకాలే మా ఇల్లు మావా. పాపకి జొరమని ధనం ఇంటికాడే ఒగ్గేసి వచ్చింది. మా అమ్మ దగ్గర పడుకోనుంది. ఎన్నిసార్లు సేసినా అమ్మ ఫోనెత్తటం లేదు."

పోతురాజు చినబాబుకి సైగ చేశాడు. తాడు ఇటు నుంచి అటు పడింది. లక్ష్ముడి పడవని వెనక కట్టుకుంటే వేగం సగం అవుతుందని చినబాబు గొణిగాడు. "మనుషుల్ని ఎక్కించు, పడవని ఒగ్గీ," అన్నాడు పోతురాజు. ఒక్కొక్కరే ఇవతలికి దూకారు. అందరికన్నా చివర లక్ష్ముడు దూకి, ఆ కవరు అనూరాధ చేతిలో పెట్టాడు.

గవ్వలపేటలో ఎవరికైనా చెప్పాలి. ఎవరికి? అక్కడి ఆడవాళ్ల ఫోన్లలో ఇప్పుడు ఉత్త నీళ్లే కనపడుతున్నాయి. తీరం వైపు వస్తున్న పడవ ఏదైనా వాళ్లకి కనపడదు. తనే కనపడకుండా చేసింది. చుక్కలు మళ్లీ వెలిగించినా లాభం లేదు, వెంకీ చుక్క వెంకీ దగ్గర లేదు.

"మీ అమ్మకి మళ్లీ చెయ్యి లక్ష్ముడూ," అంది. "పాపనెత్తుకుని బైటికి వచ్చెయ్యమను. ఇప్పుడే."

అతను చేస్తున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని, రెండోచెవి మూసుకుని నిలబడ్డాడు. ఇంజను గట్టిగా అరిచి పడవ మలుపు తిరిగింది. దూరాన, సరుగుడుతోట కొసకి ఆవల, ఒడ్డు మీద సన్నటి పొగ లేస్తోందో, మబ్బో, ఇంత దూరం నుంచి చెప్పడం ఎవరివల్లా కావడం లేదు.

"ఎత్తటం లేదు," అన్నాడు లక్ష్ముడు.

అనూరాధ ఒక చేతిలో తన ఫోను, ఇంకో చేతిలో మొగుడి ఫోను పట్టుకుని పడవ మధ్యలో కూర్చుంది. తెర వెలిగింది. సిగ్నల్ వచ్చినట్టుంది. లేత నీలం సముద్రం మీద పచ్చచుక్క ఆమె ఉన్నచోటికే వచ్చి ఆగింది.

మ్యాప్‌లో మాత్రం అనూరాధా, వెంకీ ఒక్కచోటే ఉన్నారు.